వేలంపాటలో చోటు, లెక్కకు రాని చాకిరీ

(చిరువ్యాపారాలు చేసుకునే స్త్రీల హక్కులపై జరిగిన కార్యశాలలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటినుంచీ మనం బజారులో చోటు గురించే మాట్లాడుకుంటున్నాం. గంప దించుకోవడానికి రెండడుగుల జాగా కోసం ఆశీలు పాడుకున్న కాంట్రాక్టరుతో, మునిసిపాలిటీ సిబ్బందితో, వెనక షాపు యజమానితో రోజూ పడే తగువులు విన్నాం. ఇంత విన్నాక నేను లేచి కంప్యూటరు ఆటలో అంగడి చోటు గురించి మాట్లాడతానంటే మీలో కొందరికి చిరాకు కలగవచ్చు. తిండికి కొట్లాడుతున్న చోట ఆటల గోలేమిటని అనిపించవచ్చు. మొదట నాకూ అలాగే అనిపించింది.

మా చెల్లెలి కూతురు అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. ఒక ఆదివారం ఫోన్ చేసి ఏడ్చింది. కంగారుపడి "ఏమైందే?" అంటే "మా చోటు పోయింది పెద్దమ్మా. అందరూ నన్నే అంటున్నారు" అంది. ఏ చోటని అడిగితే ఆటలో అంగడి అని తెలిసింది. నవ్వొచ్చింది. కానీ ఆమె చెప్పుకుంటూ పోతుంటే ఆ నవ్వు నిలవలేదు.

ఆ ఆట పేరు 'ది ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్'. జెనిమాక్స్ ఆన్‌లైన్ స్టూడియోస్ అనే సంస్థ 2014 ఏప్రిల్‌లో విడుదల చేసింది. వేలాదిమంది ఒకేసారి ఒక కల్పిత దేశంలో తిరుగుతారు. యుద్ధాలు చేస్తారు, మూలికలు ఏరుతారు, కవచాలు చేస్తారు, వాటిని ఆటలోని బంగారు నాణేలకు అమ్ముకుంటారు. ఇలాంటి చాలా ఆటల్లో అందరి సరుకూ ఒకేచోట కనిపించే పెద్ద వేలంశాల ఉంటుంది. ఇందులో అది పెట్టలేదు. అమ్ముకోవాలంటే గిల్డ్‌లో చేరాలి. గిల్డ్ అంటే మన పాత చరిత్రలో వర్తక శ్రేణి లాంటిది. ఒక గిల్డ్‌లో 500 మంది వరకు ఉండవచ్చు. 50 మంది చేరితేనే దానికి సొంత అంగడి వస్తుంది. అయితే ఆ అంగడి సభ్యులకే కనిపిస్తుంది. దారినపోయే వాళ్ళందరికీ కనపడాలంటే ఊళ్ళో ఒక వర్తకుడి బడ్డీని అద్దెకు తీసుకోవాలి. ఆ బడ్డీలకు వారం వారం వేలం.

ఆ వేలం మన సీల్డు టెండరు లాంటిది. ఎవరు ఎంత పాడారో ఇంకొకరికి తెలియదు. హెచ్చుపాట పాడిన గిల్డ్‌కి ఆ వారం చోటు దక్కుతుంది. ఓడినవాళ్ళ సొమ్ము తిరిగి వస్తుంది, చోటు మాత్రం రాదు. మోర్న్‌హోల్డ్, రాల్‌ఖా వంటి ఊళ్ళలో ప్రయాణికులు దిగేచోటికీ బ్యాంకుకీ దగ్గరగా ఉన్న బడ్డీలకు పోటీ విపరీతం. ఊరి చివర బడ్డీలకు అంత గిరాకీ లేదు. బస్టాండు ముందు మల్లెపూలు అమ్మే స్త్రీకి ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇప్పుడు డబ్బు సంగతి చూద్దాం. వెయ్యి నాణేలకు ఒక వస్తువు అమ్మిన సభ్యురాలు సరుకు పెట్టినందుకు 10 నాణేలు కడుతుంది. అమ్ముడయ్యాక మరో 70 కోత పడుతుంది. ఆ 70లో సగం, అంటే 35 నాణేలు గిల్డ్‌కి చేరతాయి. ఉదాహరణకు ఒక గిల్డ్ వారానికి 10 లక్షల నాణేలకు పాట పాడాలనుకుంటే, ఈ కోతతోనే అది సమకూరాలంటే సభ్యులంతా కలిసి దాదాపు 2 కోట్ల 86 లక్షల అమ్మకం చేయాలి. అంత అమ్మకం లేకపోతే తక్కింది ఎక్కణ్ణుంచి వస్తుంది? వారం చందాలు, లాటరీలు, విరాళాలు. "ఇంత అమ్మకపోతే గిల్డ్‌లో ఉండనక్కర్లేదు" అనే షరతులు. గెలిచిన పాట సొమ్ము ఏ యజమానికీ చేరదు. ఆటలో నాణేలు పేరుకుపోయి ధరలు పెరగకుండా ఆ సొమ్ము మాయమైపోతుంది. అంటే ఇక్కడ అద్దె తినే భూస్వామి లేడు. అయినా అద్దె భారం ఉంది. అది తక్కువ అమ్ముకునేవాళ్ళ మీదే ఎక్కువ పడుతుంది.

నేను ఈ ఆటను పట్టించుకోవడానికి కారణం ఇదే. మన బజార్లలో పోలీసు లాఠీ ఉంది, కులం ఉంది, రౌడీ మామూలు ఉంది. ఇన్ని కలిసి ఉన్నప్పుడు 'వేలం' అనే నియమం తన వంతుగా ఏం చేస్తోందో విడిగా చూడటం కష్టం. ఆ ఆటలో లాఠీ లేదు. బుట్టలు తన్నేవాళ్ళు లేరు. నియమం ఒక్కటే ఉంది. ఆ ఒక్కటే ఏం చేయగలదో అక్కడ కనిపిస్తుంది.

ఆ నియమం ఏం చేసింది? మొదట్లో ఒక గిల్డ్ వారానికి ఒక్క బడ్డీకే పాడగలిగేది. ఓడితే ఆ వారం వీధిన పడ్డట్టే. అందుకని డబ్బున్న గిల్డ్‌లు పక్కన ఉత్తుత్తి గిల్డ్‌లు పెట్టి, వాటి పేర్న కూడా పాడించి, ఒకచోట పోతే ఇంకోచోట నిలదొక్కుకునేవి. మన భాషలో బినామీలు. 2019లో సంస్థ నియమం మార్చింది. ఒక్కో గిల్డ్ తన ఇష్టక్రమంలో 10 చోట్ల వరకు పాడుకోవచ్చంది. బినామీల అవసరం తగ్గింది. కానీ పట్నంలో ఓడిన పెద్ద గిల్డ్ రెండో పాటతోనో మూడో పాటతోనో చిన్న ఊరి బడ్డీకి దిగివస్తే, అక్కడ నిలబడిన చిన్న గిల్డ్ ఎటు పోవాలి? వేలాన్ని ఎంత చక్కదిద్దినా అది వేలమే. ఎవరికి చోటు అవసరమన్న ప్రశ్న అందులో లేదు. ఎవరు ఎక్కువ పెట్టగలరన్న ప్రశ్నే ఉంది.

ఇక మా అమ్మాయి సంగతికి వస్తాను. ఆమె గిల్డ్‌లో పాట ఎంతకు పాడాలో నిర్ణయించేది ముగ్గురు మగవాళ్ళు. లెక్కలు రాసేది ఈమె. ఎవరు చందా కట్టలేదో చూసి నొప్పించకుండా గుర్తుచేసేది ఈమె. లాటరీ నడిపేది, కొత్తవాళ్ళకు అమ్మడం నేర్పేది, కొట్లాడుకున్నవాళ్ళను సముదాయించేది కూడా ఈమే. వారమంతా ఉద్యోగం, ఇంట్లో చంటిపిల్ల, శనాదివారాలు ఈ చాకిరీ. ఒకసారి, కొత్తగా బిడ్డను కన్న ఒక సభ్యురాలు నెలరోజులు ఏమీ అమ్మలేకపోయింది. షరతు ప్రకారం ఆమెను తీసేయాలి. తీర్మానం మగవాళ్ళది, ఉత్తరం రాసే పని ఈమెది. "నువ్వయితే బాగా చెప్తావు" అన్నారట. చివరికి ఆ వారం పాట తక్కువై చోటు పోయింది. చందాలు సరిగ్గా వసూలు చేయలేదని తప్పు ఈమె మీదికి వచ్చింది. ఎంతకు పాడాలో ఆమెను ఎవరూ అడగలేదు కదా అంటే జవాబు లేదు.

ఇది ఒక్క అమ్మాయి అనుభవం. దీన్నిబట్టి అన్ని గిల్డ్‌లూ ఇంతే అని నేను చెప్పను. కానీ ఈ పని విభజన మనకు కొత్తది కాదు. మనసులను సంబాళించే పని కూడా శ్రమేనని, దాన్ని స్త్రీల స్వభావంగా చూపి విలువ తగ్గిస్తారని ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లోనే విమాన సిబ్బందిని పరిశీలించి రాసింది. అమ్మాయిలు ఆటల్లోకి కబుర్ల కోసమే వస్తారు, అందుకే ఈ పనులు వాళ్ళకు నప్పుతాయి అనే వాదన కూడా నిలవదు. 'ఎవర్‌క్వెస్ట్' అనే ఆట మీద పరిశోధించిన టి.ఎల్. టేలర్ 2006లో వచ్చిన తన పుస్తకంలో, స్త్రీలు కూడా నైపుణ్యం, గుర్తింపు, పోరాటంలో గెలుపు కోరుకునే ఆడతారని చూపింది. అంటే కొరత స్త్రీల కోరికలో లేదు. నిర్ణయం చేసే కుర్చీ దగ్గర ఉంది.

ఆ 'ఎవర్‌క్వెస్ట్'లోనే ఇంకో ముచ్చట ఉంది. 1999లో ఆ ఆట వచ్చినప్పుడు అందులో బజారంటూ కట్టలేదు. ఆడేవాళ్ళే ఒక సొరంగ మార్గంలో పోగై, సరుకు పేరు కేకలేసి అమ్ముకోవడం మొదలుపెట్టారు. ఎవరూ కేటాయించలేదు, ఎవరూ పాడలేదు. వాడుకే హక్కయింది. మన వారసంతలు పుట్టిందీ ఇలాగే కదా. వేలం లేకుండా బజారు నడవదనే మాట అబద్ధమని చెప్పడానికి ఆ సొరంగం చాలు.

ఆ ఆట వచ్చిన 2014లోనే, మే 1న, మన దేశంలో వీధి వ్యాపారుల చట్టం అమల్లోకి వచ్చింది. ఇది చోటును వేరే దారిలో చూస్తుంది. సర్వే చేసి, ఉన్నవాళ్ళకు ధ్రువపత్రం ఇవ్వాలంటుంది. సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ లేవగొట్టకూడదంటుంది. పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఎన్నుకున్న ప్రతినిధులు ఉండాలి. వాళ్ళలో మూడోవంతు స్త్రీలు ఉండాలి. అంటే చోటును ఎక్కువ పెట్టగలిగినవాడికి అమ్మే సరుకుగా కాక, బతుకుతెరువుకు సంబంధించిన హక్కుగా ఈ చట్టం ఒప్పుకుంది. కాగితం మీదయినా ఒప్పుకుంది.

కాబట్టి మనం ప్రతి ఊళ్ళో మూడు ప్రశ్నలు అడగాలి. చోటు ఎవరికని తేల్చేది ఎవరు? అందులో స్త్రీలు సంతకానికి కూర్చున్నారా, నిర్ణయానికి కూర్చున్నారా? వసూలు చేసే రుసుం తక్కువ అమ్ముకునే మనిషి నడుం విరుస్తోందా? మూడోది మన సంఘాల్లో మనల్నే అడుక్కోవాల్సింది. పుస్తకాలు రాసి, ఇల్లిల్లూ తిరిగి బాకీ గుర్తుచేసి, తగువులు తీర్చే స్త్రీ పనిని మనం లెక్కలో వేస్తున్నామా, లేక 'సేవ' అని దండం పెట్టి ఊరుకుంటున్నామా?

మా అమ్మాయి ఆట మానలేదు. పాట నిర్ణయించేచోట తనకూ మాట ఉండాలని, కాన్పు అయినవాళ్ళకు, జబ్బు పడ్డవాళ్ళకు షరతు సడలించాలని అడిగింది. ఒప్పుకోకపోతే లెక్కల పుస్తకం అప్పగిస్తానంది. మూడు వారాలు ఎవరూ ఆ పుస్తకం తీసుకోవడానికి ముందుకు రాలేదట. నాలుగో వారం ఆమెను సమావేశానికి పిలిచారు. సడలింపు వచ్చింది. పాటలో మాట సంగతి ఇంకా తేలలేదు.

"ఆటేగా పెద్దమ్మా, ఎందుకింత పట్టుదల అంటున్నారందరూ" అంది మొన్న. ఆటయితే మరి వాళ్ళే ఆ పుస్తకం రాయొచ్చు కదా అన్నాను.

సెలవు.