మోటారుకారు వెల న్యాయమేనా?



చిరకాలము పల్లెటూరి బడిలో పిల్లలకు శబ్దములును, లెక్కలును జెప్పి విశ్రమించిన నావంటివాఁడు మోటారుకార్లనుగూర్చి ప్రసంగించుట మీకు వింతగాఁ దోఁచవచ్చును. నాకుఁ గారు లేదు, నడుపుటయు రాదు. అయినను మా యింటి యరుగుమీఁద జరిగిన యొక చర్చ నన్నీ విషయమునకు దింపినది.

మా పొరుగు రైతొకఁడు చెఱువుక్రింది యరయెకరము మాగాణి నమ్మి కుమారునికిఁ గారు కొన సమకట్టెను. వాని తల్లి కొక రాత్రి యాయాసము వచ్చినప్పుడు బండి దొరకక గంటసేపు వీధిలో నిలువవలసి వచ్చెనఁట. కావున నది వట్టి డాబు కోరిక కాదు. "పంతులుగారూ! మీరు లెక్క తెలిసినవారు. ఆ బండికి వాళ్లడుగు వెల న్యాయమైనదేనా? మేము మోసపోవుట లేదు గదా?" యని నన్నడిగెను. అచటనే కార్లనినఁ బ్రాణము విడుచు యువకులు మువ్వురుండిరి. మువ్వురును మూఁడు విధములుగాఁ బలికిరి.

మొదటివాఁడు పట్టణమునఁ గార్లు బాగుచేయు మేస్త్రి. "వెల న్యాయమే తాతగారూ! పూర్వపు బండి వట్టి రేకుడబ్బా. ఇప్పుడో, 2019 జూలై మొదలు నడుపువాని ముందు గాలిసంచి యుండితీరవలయునని చట్టము వచ్చినది. పిదపఁ బ్రక్కవానికిని వచ్చినది. 2020 ఏప్రిలునుండి పొగ తగ్గించు బి.ఎస్. ఆఱు నిబంధన వచ్చినది. ఇవి యూరక వచ్చునా?" యనెను.

రెండవవాఁడు జీతగాఁడు. "మనము కొనునది యినుమును మాత్రమే కాదు, పన్నును గూడ" నని వాని వాదము. 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చినప్పుడు చిన్న పెట్రోలుకారుమీఁద సెస్సుతోఁ గలిపి నూటికి 29 చొప్పునఁ బడినది. 2025 సెప్టెంబరు 22 నుండి యది 18 అయినది, పెద్దకార్లకు 40. పన్నుకు ముందు 5 లక్షలు వెలగల చిన్నకారు పూర్వము 6,45,000 కాఁగా, నూతన పద్ధతిని 5,90,000 అగును. అనఁగా బండిలో నొక మేకైనను మాఱకయే వెల 55,000 రూపాయలు దిగినది!

మూఁడవవాఁడు అద్దెకారు నడుపువాఁడు. "అదే యింజను, అవే చక్రములు. పైకప్పున నొక యద్దము, ముందొక పెద్దతెర చేర్చి వెల యెంత పెంచుదురో చూడుఁడు. వారు వెల కట్టునది మన యవసరమునకుఁ గాదు, ఆశకు" నని యాతఁడనెను.

మువ్వురి మాటలలోను సత్యము గలదు. న్యాయమైన వెల యన నేమి? కౌటిల్యుఁడు తన యర్థశాస్త్రమున స్వదేశపు సరకులమీఁద వర్తకునకు నూటి కైదును, పరదేశపు సరకులమీఁదఁ బదియును లాభముగా నిర్ణయించెను. కొనిన ధర యింత, లాభ మింత యని తెలిసినచో న్యాయము తేలును. కాని నేఁటి కొనుగోలుదారునకుఁ గర్మాగారపు లోపలి ఖర్చు తెలియదు. కావున నాతఁడు వేఱొక త్రాసు వెదకుకొనవలయును.

ఈ సందర్భమున రెండు వృత్తాంతములు స్మరింపఁదగినవి. అమెరికాలో హెన్రీ ఫోర్డు 1908లో 'మోడల్ టి' యను బండిని 850 డాలరులకు విడుదల చేసెను. 1913లో బండి పనివారి ముందుకుఁ దానే కదలివచ్చు నేర్పాటు చేయఁగా, పండ్రెండున్నర గంటలు పట్టు చట్రపు కూర్పు గంటన్నరకు దిగినది. 1925 నాఁటికిఁ గనిష్ఠపు వెల 260 డాలరులే. శ్రమ తగ్గుటవలనఁ గలిగిన లాభమునఁ గొంత కొనువానికిఁ జేరినది.

రెండవది మన దేశపుది. రతన్ టాటాగారు 2008 జనవరిలో ఢిల్లీలో లక్ష రూపాయల 'నానో' కారును జూపిరి. స్కూటరుమీఁద నలుగురు కూర్చుండి పోవు కుటుంబము వారి మనస్సులోనిది. వెల యెంత తక్కువయైనను, 'చౌకబండి' యను పేరే దానికి శాపమైనది. 2018లో దాని నిర్మాణము నిలిచిపోయెను. కారు కొనువాఁడు ప్రయాణముతోపాటు పరువునుగూడఁ గొనుచున్నాఁడని యిందువలనఁ దెలియుచున్నది గదా!

ఇఁక మా రైతునకుఁ జూపిన లెక్క వినుఁడు. అంగడిలోఁ జెప్పు వెల తుదివెల కాదు. జీవితకాలపు పన్ను, భీమా దానిపైఁ జేరును. 5 లక్షలు నూటికిఁ బది వడ్డీకి ఏడేండ్ల వాయిదాకుఁ దెచ్చినచో నెలకు దాదాపు 8,300 చొప్పున మొత్తము ఏడులక్షలకుఁ జేరువగును. భీమా లెక్కలలో నాలుగేండ్లు దాటిన బండి వెలను సగమునకుఁ దగ్గింతురు. మాగాణి యట్లు తఱుగునా? కావున నమ్మకపు వస్తువు నమ్మి తఱుగు వస్తువును గొనుట యెంతటి న్యాయమైన వెలకైనను నష్టమే.

"ఒక నెల కారెన్నిమారు లవసరమగునో కాగితముమీఁద వ్రాయుము" అని యా కుమారునితోఁ జెప్పితిని. మొదట వాఁడు మొగము ముడుచుకొనెను. రెండునాళ్లు నాతో మాటాడలేదు. పిదప వ్రాసెను. నెలకు నాలుగే ప్రయాణములు తేలినవి. కాని వానిలో రెండు అవ్వను వైద్యునికడకుఁ గొనిపోయినవి. అవసరము సత్యమే, క్రొత్తబండి యవసరము మాత్రము కాదు. తుదకు మేస్త్రి తానే పరీక్షించి చూపిన, నాలుగేండ్లు దాటిన యొక చిన్నకారును, దాఁచుకొనిన సొమ్ముతో వారు కొనిరి. ఆ యరయెకరము వారిదిగనే యున్నది. ఈ యేఁడు నాట్లును బడినవి.

పెద్దలారా! వెల న్యాయమా యని యమ్మువాని నడిగిన నవుననియే చెప్పును. ఆ ప్రశ్న మన యింటి లెక్కపుస్తకము నడుగవలయును. మీ కుమారులు, మనుమలు కారు కోరినప్పుడు కసరి పంపకుఁడు. చెంత కూర్చుండఁబెట్టుకొని యొక కాగితము, కలము చేతి కిండు. మిగిలినది యా కాగితమే చెప్పును.

సెలవు.