పాత పికప్: కొన్న ధర కాదు, ట్రిప్పు ఖర్చు చూద్దాం

(రైతు సంఘం మండల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతిలో మద్దతు ధర గురించి, పంటల బీమా గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు వాకిట్లో నిలబెట్టుకునే బండి గురించి మాట్లాడుకుందాం. చూడ్డానికి చిన్న విషయమే. కానీ పంట అమ్మిన డబ్బులో ఇంటికి ఎంత చేరుతుందో తేల్చేది ఇదే.

మదనపల్లె మార్కెట్‌కు టమోటా తోలే రైతును అడగండి. కిలో 5 రూపాయలు పలికినా, 50 పలికినా బండి కిరాయి మారదు. 5 రూపాయల రోజున టన్ను కాయకు వచ్చేది 5 వేలు. అందులో కోత కూలి, కిరాయి, మార్కెట్ ఖర్చులు పోతే చేతిలో మిగిలేది ఖాళీ క్రేట్లే. అందుకే మనలో చాలామంది సొంత బండి వైపు చూస్తున్నారు. కొత్తది కొనే శక్తి లేదు కాబట్టి 15, 20 ఏళ్ల కిందటి పికప్‌ను బేరమాడుతున్నారు.

పాత బండి మీద మనకు నమ్మకం ఊరికే రాలేదు. పాత డీజిల్ ఇంజిన్‌లో కంప్యూటర్ లేదు, సెన్సర్ల గొడవ లేదు. మన ఊరి మెకానిక్ స్పానర్లతోనే విప్పి బిగిస్తాడు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లు అలా కాదు. చిన్న లైటు వెలిగినా స్కానర్ ఉన్న చోటికి తోలాలి. పాత బండికి ఈ సుఖం ఉంది. అయితే దాని రోగాలు దానికి ఉన్నాయి. అవి తెలియకుండా అడ్వాన్సు ఇవ్వకూడదు.

మొదటిది ఇంజిన్. బండి చూడ్డానికి తెల్లవారుజామున వెళ్లాలి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించాలి. అమ్మేవాడు ముందే వేడి చేసి పెడితే అనుమానించాలి. పొగ నీలంగా వస్తుంటే ఇంజిన్ ఆయిల్ తాగుతోందని అర్థం. రింగులు అరిగాయి, లేదా బోరుకు వచ్చింది. నల్లగా వస్తుంటే నాజిల్స్, పంపు, ఎయిర్ ఫిల్టర్ చూడాలి. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగక, రేడియేటర్‌లో నీళ్లు తగ్గిపోతుంటే హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు. ఇంజిన్ తిరుగుతుండగా ఆయిల్ పోసే మూత తీసి చూడండి. అక్కడినుంచి పొగ గుప్పుగుప్పున తన్నుకొస్తే ఇంజిన్ పని దగ్గర్లోనే ఉంది.

రెండోది హీటు. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఆ నీళ్లే రేడియేటర్‌లో పోస్తూ పోతే ట్యూబుల్లో పాచి కట్టి నీళ్లు తిరగవు. ఎండాకాలం లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు ముల్లు ఎర్రగీత దాటుతుంది. ఇంకో ఐదు కిలోమీటర్లే కదా అని తోలితే హెడ్ వంగుతుంది. కూలెంట్ పోయించడానికి, బెల్టు మార్చడానికి అయ్యేది వందల్లో. హెడ్ పనికి అయ్యేది వేలల్లో.

మూడోది కింద చూడాలి. మనం యూరియా, పొటాష్ బస్తాలు వేసే బండ్లకు ఇది మరీ ముఖ్యం. చినిగిన బస్తాలోంచి రాలిన ఎరువు చెమ్మ తగిలి ఇనుమును తినేస్తుంది. బాడీ కింద, ఛాసిస్ మూలల్లో తుప్పు లోపల్లోపలే పాకుతుంది. కింద కొత్తగా నల్లరంగు కొట్టి ఉంటే గోటితో గీకి చూడండి. దాని కింద వెల్డింగ్ అతుకులు కనిపిస్తే ఆ బండి వద్దు. ఎరువు తోలిన రోజే నీళ్లతో కడిగే అలవాటు చేసుకుంటే బండి ఆయుష్షు పెరుగుతుంది.

కమాను పట్టీలు చూడాలి. టన్ను మోసే బండికి రెండు టన్నులు వేస్తే మెయిన్ పట్టీ విరుగుతుంది, సెంటర్ బోల్టు తెగితే యాక్సిల్ పక్కకు జరుగుతుంది. క్లచ్ ప్లేటు తొందరగా పోయేదీ ఈ ఓవర్‌లోడ్ వల్లే. బ్రేకు పెడల్ ఒక్కసారికి అందక రెండు మూడుసార్లు తొక్కాల్సి వస్తే వీల్ సిలిండర్ రబ్బర్లు కారుతున్నాయో, లైన్లో గాలి పట్టిందో చూపించాలి. ఇంజిన్ ఆగితే దారిలో ఆగుతాం. బ్రేకు ఆగకపోతే ఎక్కడ ఆగుతామో తెలియదు.

ఇక లెక్కకు వద్దాం. 2 లక్షలు పెట్టి కొని, ఐదేళ్లు తోలి, 50 వేలకు అమ్మామనుకుందాం. ఏడాదికి 30 వేలు అక్కడే పోయాయి. 7,500 కిలోల లోపు సరుకు వాహనానికి 2022లో ఖరారైన థర్డ్ పార్టీ ప్రీమియం 16,049 రూపాయలు, పన్ను అదనం. 18 వేలు వేసుకుందాం. ఎఫ్‌సీకి, ట్యాక్సుకు, పొల్యూషన్‌కు 12 వేలు. టైర్లు, బ్యాటరీ, రిపేర్లకు తక్కువలో తక్కువ 40 వేలు. అన్నీ కలిపితే బండి కదిలినా కదలకపోయినా ఏడాదికి లక్ష.

ఏడాదికి 100 ట్రిప్పులు తిప్పితే ట్రిప్పుకు వెయ్యి పడుతుంది. 40 ట్రిప్పులే తిప్పితే 2,500 పడుతుంది. దాని మీద డీజిల్ 600, డ్రైవర్ కూలి అదనం. బయట కిరాయి 2,500 ఉంటే 100 ట్రిప్పుల రైతుకు లాభం, 40 ట్రిప్పుల రైతుకు నష్టం. మీ ఊరి రేట్లు వేసి ఇదే లెక్క ఇంట్లో కూర్చుని రాయండి. రెండెకరాల రైతు ఒక్కడే బండి కొంటే అది అప్పు కిందే లెక్క. పక్కపక్క పొలాల వాళ్లు నలుగురైదుగురు కలిసి కొని, ఒక పుస్తకం పెట్టి ట్రిప్పులు, ఖర్చులు రాసుకుంటే అదే బండి గిట్టుబాటవుతుంది.

కాగితాల సంగతి. ఆర్‌సీ మన పేరు మీదకు మారేదాకా బండి మనది కాదు. అమ్మినప్పుడూ అంతే. పేరు మారకుండా ఇచ్చేస్తే, ప్రమాదం జరిగిన రోజు పరిహారం రికార్డులో ఉన్న ఓనరు మీదే పడుతుందని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. కారు లైసెన్సు ఉన్నవాళ్లు 7,500 కిలోల లోపు రవాణా వాహనం తోలొచ్చని 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఇది మన పిల్లలకు చెప్పండి.

అన్నిటికన్నా పెద్ద మాట ఇది. సరుకుతో పాటు సరుకు ఓనరు, లేదా ఆయన పంపిన మనిషి బండిలో ఉంటే చట్టం ప్రకారం బీమా వర్తిస్తుంది. కోతకు వెళ్లే ఇరవై మంది కూలీ అమ్మలను వెనక ఎక్కిస్తే వర్తించదు. బండి బోల్తా పడితే ప్రాణాలు పోయేది వాళ్లవి, పరిహారం కట్టలేక పొలం అమ్ముకునేది మనం. మన పొలంలో పనిచేసే మనిషిని బస్తాల మీద కూర్చోబెట్టి తీసుకురావడం మన సంఘానికి తగదు. కూలీలకు మనుషులు ఎక్కే బండే మాట్లాడదాం.

ప్రభుత్వాన్ని అడగాల్సింది కూడా ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన రవాణా వాహనాల ఎఫ్‌సీ ఫీజు ఒక్కసారిగా పెంచారు. తేలిక వాహనానికి 7,500, పెద్ద లారీకి 12,500 చేశారు. రోజూ వందల కిలోమీటర్లు తిరిగే బండికీ, పంట రోజుల్లో మాత్రమే మార్కెట్‌కు వెళ్లే రైతు బండికీ ఒకటే ఫీజు న్యాయమా? తుక్కు విధానం కింద పాత బండి అప్పగించి కొత్తది కొంటే రవాణా వాహనానికి పన్నులో 15 శాతం వరకు రాయితీ ఇవ్వొచ్చన్నారు. కొత్తది కొనలేని రైతుకు ఆ రాయితీ దేనికి?

అందుకే మూడు డిమాండ్లు పెడుతున్నాం. పాసుపుస్తకం ఉన్న రైతులకు, కౌలు రైతులకు ఎఫ్‌సీ ఫీజు తగ్గించాలి. బండి వయసును బట్టి కాక కండిషన్‌ను బట్టి చూడాలి. రైతు బృందాలు కలిసి సరుకు వాహనం కొనుక్కోవడానికి ట్రాక్టర్లకు ఇచ్చినట్టే సబ్సిడీ రుణం ఇవ్వాలి.

వచ్చే నెల గ్రామ కమిటీ సమావేశాలకు మీ బండి లెక్క రాసుకుని రండి. ఏడాదికి ఎన్ని ట్రిప్పులు, ఎంత ఖర్చు, ఎంత ఫీజు అన్నది మన కాగితం మీద ఉండాలి. ఆ కాగితాలన్నీ కలిపి కలెక్టరుగారి ముందు పెడదాం.

సెలవు. రైతు ఐక్యత వర్ధిల్లాలి.