గంట ముందుకు, గంట వెనుకకు

  ఈ దినము మనము గడియారమును గూర్చి కొంత ఆలోచన చేద్దాము. గడియారమునకు ప్రసంగమునకు ఏమి సంబంధము అని మీరు అనుకోవచ్చు. అయితే మీ ఇంటి నుండి ఒక్కరైనా దూరదేశము వెళ్లి ఉంటే, లేక మీ చేలో పదిమంది కూలికి వస్తూ ఉంటే, ఈ మాట మీ కొరకే.

అమెరికాలో మార్చి నెల రెండవ ఆదివారమున తెల్లవారుజామున రెండు గంటలు కాగానే గడియారమును మూడుకు జరుపుతారు. నవంబరు మొదటి ఆదివారమున తిరిగి ఒక గంట వెనుకకు తిప్పుతారు. 2007 నుండి ఈ తేదీలే నడుస్తున్నవి. ఇంగ్లండులోను, ఐరోపాలోని అనేక దేశములలోను మార్చి చివరి ఆదివారము ముందుకు, అక్టోబరు చివరి ఆదివారము వెనుకకు జరుపుతారు. ఆ దేశములలో ఉన్న మన తెలుగు సంఘములవారికి ఇది బాగా తెలుసు. మార్చిలో గడియారము తిప్పడము మరచినవాడు గుడికి వచ్చేసరికి ప్రసంగము సగమైపోయి ఉంటుంది. నవంబరులో మరచినవాడు తలుపులు తెరవకముందే వచ్చి మెట్లమీద కూర్చుంటాడు. ఇప్పుడు సెల్‌ఫోను తనంతట తానే గంట మార్చుకొంటుంది గాని, మన శరీరము అలా మార్చుకోలేదు.

ఈ పద్ధతి ఎందుకు వచ్చింది? 1907లో విలియం విల్లెట్ అనే ఇంగ్లండు గృహనిర్మాణ వ్యాపారి, వేసవిలో తెల్లవారిన తరువాత కూడా జనులు నిద్రపోతూ వెలుగును వృథా చేస్తున్నారని ఒక చిన్న పుస్తకము అచ్చువేయించాడు. ఆయన బ్రతికి ఉండగా ఇంగ్లండు ఆ మాట వినలేదు. దేశమంతటా మొదట అమలుచేసినది యుద్ధములో ఉన్న జర్మనీ, 1916 ఏప్రిల్ 30న. కారణమేమిటో తెలుసునా? బొగ్గు. సాయంత్రము వెలుగు ఒక గంట ఎక్కువ ఉంటే దీపములకు ఖర్చయ్యే బొగ్గు మిగులుతుందని వారి లెక్క. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి బొగ్గుబాయిల దగ్గర ఉన్న ప్రియులారా, గంటకును బొగ్గుకును ఉన్న ఈ సంబంధము మీరు గమనించాలి. కొన్ని వారములకే ఇంగ్లండు కూడా అదే చేసింది.

1918లో అమెరికా కూడా గడియారము తిప్పింది. అయితే రైతులు ఒప్పుకోలేదు. ఆవుకు గడియారము తెలియదు, పాలు ఇచ్చే వేళకే ఇస్తుంది. గడ్డి మీది మంచు సూర్యుడు వచ్చిన తరువాతనే ఆరుతుంది. కూలివాడు మాత్రము గడియారము చూసి ఇంటికి వెళ్లిపోతాడు. అందుచేత 1919లో ఆ చట్టము రద్దయింది. 1966లో మరల దేశమంతటికీ ఒక పద్ధతి వచ్చింది. అయినా హవాయి, అరిజోనాలో ఎక్కువ భాగము ఈ మార్పును పాటించవు.

మన దేశము సంగతి చూద్దాము. 1906 జనవరి 1 నుండి భారత ప్రామాణిక సమయము ఏర్పడింది. 82½ డిగ్రీల రేఖాంశము మీద సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళను దేశమంతటికీ పన్నెండుగా పెట్టుకొన్నారు. ఆ రేఖ కాకినాడ సమీపము గుండా పోతుంది. కరీంనగర్‌లో సూర్యుడు నడినెత్తికి రావడానికి సగటున సుమారు 13 నిమిషములు, ఆదిలాబాదులో సుమారు 16 నిమిషములు ఆలస్యమవుతుంది. రెండవ ప్రపంచ యుద్ధ కాలములో 1942 సెప్టెంబరు 1 నుండి 1945 అక్టోబరు 15 వరకు ఈ సమయమును ఒక గంట ముందుకు జరిపారు. యుద్ధము ముగిసింది, ఆ గంట కూడా వెనుకకు వచ్చింది. ఈనాటికీ అస్సాము తేయాకు తోటలలో మాత్రము అధికారిక సమయము కంటే ఒక గంట ముందుగా నడిచే తోట సమయము ఉన్నది. అక్కడ సూర్యుడు మనకంటే ముందే వస్తాడు గదా.

మరి మనము ఎందుకు తిప్పము? మనకు అంత అవసరము లేదు. లండనులో జూను నెల పగలు పదహారున్నర గంటలు దాటుతుంది, డిసెంబరులో ఎనిమిది గంటలు కూడా ఉండదు. మన కరీంనగర్‌లో ఎంత పెద్ద పగలైనా 13 గంటల పైన కొద్ది నిమిషములు, ఎంత చిన్న పగలైనా 11 గంటలు. రెండు గంటల తేడా కొరకు ముల్లు తిప్పనక్కరలేదు.

అయితే ముల్లు తిప్పకపోయినా, మనము వేళలు మార్చుకోవడము లేదా? మార్చి నెల సగము కాగానే ఒంటిపూట బడులు వస్తాయి. పిల్లలు ఎనిమిదింటికి వెళ్లి మధ్యాహ్నము పన్నెండున్నరకు ఇల్లు చేరతారు. ఏప్రిల్, మే నెలలలో ఆదిలాబాదు అడవులలో తునికాకు సేకరణ చూడండి. చీకటి ఉండగానే కుటుంబమంతా అడవికి పోతుంది. ఎండ ముదరకముందే మూటలతో తిరిగివచ్చి, నీడన కూర్చుండి యాభై ఆకులకు ఒక కట్ట కడతారు. ఉపాధి పనులకు వెళ్లేవారు తెల్లవారకముందే పలుగు, పార పట్టుకొంటారు. ఆదిలాబాదులో చలి ముదిరినప్పుడు బడి వేళను కొంచెము వెనుకకు జరిపిన సందర్భములున్నవి. అమెరికాలో ముల్లు కదులుతుంది, పని వేళ కదలదు. మన దగ్గర ముల్లు కదలదు, పని వేళ కదులుతుంది. రెండును సూర్యునికి మనిషి ఇచ్చే జవాబులే.

ఇక్కడ మన గ్రంథములో ఒక సంగతి మీకు జ్ఞాపకము చేస్తాను. మూడవ గంట, ఆరవ గంట, తొమ్మిదవ గంట అని మనము చదువుతాము. ఆ దినములలో గంటలను సూర్యోదయము నుండి లెక్కించేవారు. పగలు పెద్దదైనా చిన్నదైనా దానిని పన్నెండు భాగములు చేసేవారు. కాబట్టి యెరూషలేములో వేసవి గంట మన లెక్కలో సుమారు 71 నిమిషములు, చలికాలపు గంట 50 నిమిషములు. గంట తానే ఋతువుతో సాగేది, ముడుచుకొనేది.

ఇప్పుడు మత్తయి సువార్త ఇరువదవ అధ్యాయములోని ద్రాక్షతోట యజమానిని తలంచండి. ఆయన తెల్లవారుజామున ఒకసారి, తరువాత నాలుగుసార్లు సంతవీధికి వెళ్లి పనివారిని పిలిచాడు. చివరకు పిలిచినవారు పనిచేసినది ఒక్క గంటే. కూలి మాత్రము అందరికీ ఒక్కటే ఇచ్చాడు. ఈ ఉపమానమునకు పరలోకరాజ్యమును గూర్చిన భావము ఉన్నది, దానిని మీరు ఎరుగుదురు. నేను ఈ దినము చూపించేది దానిలోని చిన్న విషయము. ఆ యజమాని గంటలు లెక్కించలేదు, ఆ సాయంత్రము ఆ ఇంటి పొయ్యి మీదికి ఏమి ఎక్కాలో లెక్కించాడు.

ఇక మన ఇండ్లలోనికి వద్దాము. పాత కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలు 2016లో ఎన్నో జిల్లాలుగా విడిపోయినవి. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల, ఎక్కడికి వెళ్లినా గల్ఫుకు మనిషిని పంపిన ఇల్లు కనబడుతుంది. దుబాయి మనకంటే గంటన్నర వెనుక, సౌదీ, ఖతరు, కువైటు రెండున్నర గంటలు వెనుక. ఆ దేశములలో గడియారము తిప్పరు. కాని అక్కడ కూడా వేసవికి వేళ మారుతుంది. ఎమిరేట్సులో జూను 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము పన్నెండున్నర నుండి మూడు వరకు ఎండలో పనిచేయించకూడదని నియమమున్నది. ఖతరులో 2021 నుండి జూను 1 మొదలు సెప్టెంబరు 15 వరకు, ఉదయము పది నుండి మూడున్నర వరకు పని ఆపాలి. కువైటులో జూను, జూలై, ఆగస్టు నెలలలో పదకొండు నుండి నాలుగు వరకు.

దానివలన ఏమవుతుంది? అక్కడి మన పిల్లవాడు మూడింటికే లేచి బస్సు ఎక్కుతాడు. దుబాయిలో పన్నెండున్నరకు పని ఆగితే మనకు మధ్యాహ్నము రెండు గంటలు. అప్పుడు ఫోను మోగుతుంది. "అవ్వా, తిన్నవా?" అని అడుగుతాడు. ఆ తల్లికి కొడుకు గొంతు వినడము ఒక్కటే కాదు, ఆ గంటలో వాడు నీడన ఉన్నాడని కూడా తెలుస్తుంది. గల్ఫు నుండి పెట్టెలో తిరిగివచ్చిన కొడుకులను మట్టికి అప్పగించిన ఊళ్లు మన రెండు జిల్లాలలో ఉన్నవి. ఆ మధ్యాహ్నపు నీడ విలువ ఆ ఊళ్లవారిని అడగండి.

అమెరికా వెళ్లిన బిడ్డల సంగతి వేరు. న్యూజెర్సీలో చలికాలపు శనివారము రాత్రి తొమ్మిదింటికి ఫోను చేస్తే మనకు ఆదివారము ఉదయము ఏడున్నర. మార్చిలో గడియారము మారిన తరువాత అదే తొమ్మిది మనకు ఆరున్నర. ఆరాధనకు సిద్ధపడక ముందే, ఇంకా పాలు రాకముందే ఫోను మోగుతుంది. హైదరాబాదులో ఉండి అమెరికా కంపెనీల కొరకు రాత్రులు పనిచేసే మన యౌవనస్థులకు వేసవిలో షిఫ్టు గంట ముందు మొదలవుతుంది, నవంబరులో గంట వెనుకకు పోతుంది. తిప్పినది అక్కడి ముల్లు, మారినది ఇక్కడి నిద్ర.

నిద్ర చిన్న విషయము కాదు. స్వీడను దేశపు పరిశోధకులు 2008లో ప్రచురించిన లెక్కల ప్రకారము, వసంతములో గడియారము ముందుకు జరిపిన వారములో గుండెపోటులు సుమారు 5 శాతము పెరిగినవి. ఒక్క గంటకే! ఈ తిప్పడము మానివేయాలని 2019లో ఐరోపా పార్లమెంటు ఓటు వేసింది గాని, దేశముల మధ్య ఒప్పందము కుదరక ఆ నిర్ణయము అమలు కాలేదు.

ప్రియులారా, వీటన్నిటిలో నేను మీ ముందు పెట్టదలచిన ప్రశ్న ఒక్కటే. వేళను నిర్ణయించేది ఒకరు, దాని భారము మోసేది మరొకరు. ఆఫీసులో కూర్చున్నవాడు ముల్లు తిప్పుతాడు, రాత్రి షిఫ్టు వాడు నిద్ర పోగొట్టుకొంటాడు. మరి మన చేతిలో ఉన్న వేళల సంగతి ఏమిటి? మన కొడుకును దుబాయిలో మధ్యాహ్నము నీడన కూర్చుండబెట్టారని విని మనము స్తోత్రము చెల్లిస్తాము. మంచిదే. అదే మే నెలలో మన ఇంటి స్లాబు పోయడానికి వచ్చిన మరొక తల్లి కొడుకును పన్నెండింటికి మనము కూర్చుండనిస్తున్నామా? రామగుండము, మంచిర్యాల వైపు ఎండ 45 డిగ్రీలు తాకే దినములలో, మన చేలోని ఆడకూలీలు ఎన్నింటికి చెట్టు నీడకు రాగలుగుతున్నారు? ఎక్కడో ఉన్న దేశము మన బిడ్డకు ఇచ్చిన నీడను, మన గట్టు మీద మనము ఇవ్వలేమా?

కొందరు అంటారు: "త్వరగా పంపితే కూలి నష్టము గదా" అని. తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెట్టిన మనిషి పదకొండుకు ఆరు గంటలు పనిచేసినట్లే. తొమ్మిదింటికి వచ్చి మూడింటి దాకా ఎండలో నిలిచిన మనిషి చేసినదీ ఆరు గంటలే. లెక్క ఒక్కటే, ప్రాణము మాత్రము ఒక్కటి కాదు. వేళ మార్చండి గాని, ఆ పేరుతో కూలి కోయవద్దు. వేళ మార్పు దయగా మొదలై, కూలి కోతగా ముగిస్తే అది దయ కాదు, బేరము.

ఇంటి విషయములో కూడా చిన్న ఏర్పాట్లు చేయండి. మీ గోడ క్యాలెండరు మీద మార్చి రెండవ ఆదివారమునకు, నవంబరు మొదటి ఆదివారమునకు గుర్తు పెట్టండి. ఇంగ్లండులో మీవారుంటే మార్చి, అక్టోబరు చివరి ఆదివారములకు. మార్చిలో అమెరికా ముందు మారి, ఐరోపా రెండు మూడు వారముల తరువాత మారుతుంది గనుక, ఆ మధ్యకాలములో ముగ్గురు బిడ్డలు మూడు దేశములలో ఉన్న తల్లి లెక్క తప్పుతుంది. ఆమెకు ముందే చెప్పండి. దూరమున ఉన్న పిల్లలారా, ఈ పత్రిక మీ చేతికి వస్తే వినండి: అమ్మానాన్నల నిద్ర వేళకు మీ వేళను సర్దుకోండి. ప్రతిసారి వారే మేలుకొని ఎదురుచూడనక్కరలేదు.

సంఘ పెద్దలారా, మీకు కూడా ఒక మనవి. మే నెలలో పెండ్లి ఆరాధనను పదకొండింటికి పెట్టి, రేకుల పందిరి క్రింద వృద్ధులను, పసిబిడ్డలను రెండింటి వరకు కూర్చుండబెట్టవలసిన అవసరమున్నదా? ఏడింటికి పెడితే ఎవరు కాదంటారు? ఆదివారపు ఆరాధనను వేసవి మూడు నెలలు గంట ముందుకు జరపండి. రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చే బొగ్గుబాయి సహోదరునికి, తెల్లవారే పనికి పోయే సహోదరికి ఏ వేళ వీలవుతుందో ముందు వారిని అడిగి, తరువాత నిర్ణయము చేయండి.

గడియారము మనుష్యులు చేసిన వస్తువు. దానిని యుద్ధము కొరకు తిప్పారు, బొగ్గు కొరకు తిప్పారు. మన చేతిలో ఉన్న కొద్ది వేళలనైనా ఎండలో నిలిచినవాని కొరకు, నిద్ర కరువైనవాని కొరకు తిప్పుదాము. ఈ వారము మీ వేళలను ఒకసారి చూసుకొని, ఒక్క మనిషికి ఒక్క గంట నీడ దొరికేటట్లు చేయండి.

ప్రభువు మిమ్మును, దూరమున ఉన్న మీ బిడ్డలను కాపాడునుగాక. ఆమేన్.