అవయవ మార్పిడి: అణచివేత వేరు, సహనం వేరు



మూత్రపిండం మార్పిడి జరిగిన కొన్నేళ్లకు చాలామంది అడిగే ప్రశ్న ఇది: “కొత్త కిడ్నీ చక్కగా పనిచేస్తోంది, ఒంటికి అలవాటైపోయింది. ఇంకా ఈ మాత్రలెందుకు?” ప్రశ్న సహజమైనదే. కానీ ఎవరినీ అడగకుండా మాత్రలు మానేస్తే ఆ కిడ్నీనే పోగొట్టుకోవలసి రావచ్చు. కారణమేమిటో ఈనాటి పాఠంలో తెలుసుకుందాం.

మన శరీరంలోని దాదాపు ప్రతి కణం మీద హెచ్.ఎల్.ఏ. అనే ప్రోటీన్లు ఉంటాయి. టి-కణాలు వీటిని చూసి తనది ఏదో, పరాయిది ఏదో గుర్తిస్తాయి. 1954లో బోస్టన్‌లో డాక్టర్ జోసెఫ్ మర్రే బృందం చేసిన మూత్రపిండ మార్పిడి విజయవంతమైందంటే, దాత, గ్రహీత సమరూప కవలలు కావడమే కారణం. అందరికీ కవలలు ఉండరు కదా! అందుకే మందులు కావలసి వచ్చాయి.

నార్వే మట్టిలోని ఒక శిలీంధ్రం నుంచి సైక్లోస్పోరిన్, జపాన్ మట్టిలోని ఒక బాక్టీరియా నుంచి టాక్రోలిమస్ లభించాయి. ఇవి ఎలా పనిచేస్తాయి? పరాయి ప్రోటీన్ తగలగానే టి-కణంలో కాల్సిన్యూరిన్ అనే ఎంజైము మేల్కొంటుంది. దాని ద్వారా కేంద్రకానికి కబురు అంది, ఇంటర్‌ల్యూకిన్-2 తయారవుతుంది. దాని బలంతో టి-కణాలు వేలాదిగా పెరిగి దాడికి దిగుతాయి. ఈ రెండు మందులూ కాల్సిన్యూరిన్‌ను అడ్డుకుంటాయి. పరాయి అవయవాన్ని గుర్తించడం ఆగదు, కబురు మాత్రమే ఆగుతుంది. మందు మానేస్తే ఆ కబురు మళ్లీ వెళుతుంది. ఇదే అణచివేత.

మరి సహనం అంటే ఏమిటి? 1953లో పీటర్ మెడవార్, బిల్లింగ్‌హామ్, బ్రెంట్ అనే శాస్త్రవేత్తలు చిట్టెలుకల పిండాలలోకి వేరొక వంశపు ఎలుకల కణాలను ఎక్కించారు. ఆ పిల్లలు పెరిగాక అదే వంశపు చర్మాన్ని అతికిస్తే, ఏ మందూ లేకుండానే స్వీకరించాయి. మూడో వంశపు చర్మాన్ని మాత్రం తిరస్కరించాయి. అంటే వాటి నిరోధక శక్తి తగ్గలేదు, ఒక్క దాతను మాత్రం తనవాడిగా నేర్చుకుంది. ఈ కృషికి మెడవార్‌కు 1960లో నోబెల్ బహుమతి లభించింది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. సహనాన్ని కాపాడే నియంత్రక టి-కణాలను జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకాగుచి 1995లో గుర్తించారు. ఆయనకు మరో ఇద్దరితో కలిపి 2025లో నోబెల్ బహుమతి దక్కింది. ఈ కణాలు ఇంటర్‌ల్యూకిన్-2ను స్వయంగా తయారుచేసుకోలేవు, అది లేకుండా బతకనూ లేవు. కలుపు చావాలని మడికి నీరు ఆపితే పైరు కూడా వాడిపోతుంది కదా! అలాగే దాడిచేసే కణాలను ఆపే మందు, శాంతి నెలకొల్పే కణాలను కూడా బలహీనపరచగలదు.

భారత సంతతికి చెందిన సురేంద్రనాథ్ సెహగల్ బృందం ఈస్టర్ దీవి మట్టి నుంచి వెలికితీసిన సిరోలిమస్ మార్గం వేరు. ఇది కాల్సిన్యూరిన్ జోలికి పోదు, కబురు అందిన తరువాత కణాలు పెరగడాన్ని ఆపుతుంది. నియంత్రక కణాలకు దీనివల్ల హాని తక్కువ. అయితే గాయాలు ఆలస్యంగా మానడం, కొలెస్ట్రాల్ పెరగడం వంటి ఇబ్బందులున్నాయి.

జీవితాంతం అణచివేతలో ఉండడం తేలిక కాదు. అంటువ్యాధులు, కొన్ని రకాల క్యాన్సర్ల ముప్పు పెరుగుతాయి. కాల్సిన్యూరిన్‌ను ఆపే మందులు కాలక్రమంలో కిడ్నీనే దెబ్బతీయవచ్చు. కనుకనే శాస్త్రజ్ఞులు దాత ఎముక మజ్జను కూడా ఎక్కించి సహనం నేర్పే ప్రయత్నాలు చేస్తున్నారు. కొద్దిమంది మందులు లేకుండా ఏళ్ల తరబడి ఉండగలిగారు. అది వైద్యుల నిఘాలో జరిగిన పరిశోధన, సొంతంగా చేసుకునే ప్రయోగం కాదు.

కాబట్టి ఒక్క విషయం గుర్తుంచుకోండి. మార్పిడి చేసిన అవయవం నెమ్మదిగా ఉందంటే శరీరం దానిని తనదిగా ఒప్పుకుందని అర్థం కాదు. చాలామందిలో ఆ నెమ్మదికి కారణం వేళ తప్పకుండా వేసుకునే మాత్రే.