కాన్సర్: నొప్పి లేదని ఊరుకోకండి

(కాచిగూడలో చేసిన ప్రసంగ పాఠం)



కాన్సర్‌ను మన పెద్దవాళ్లు రాచపుండు అనేవారు. ఆ మాట వస్తే ఇంట్లో గొంతు తగ్గించి మాట్లాడతాం. అందుకే నేను కాస్త గట్టిగానే చెబుతాను. ఇది అంటువ్యాధి కాదు. రోగి కంచంలో తింటే రాదు. శరీరంలో కొన్ని కణాలు అదుపు తప్పి పెరిగిపోవడమే ఈ జబ్బు.

మన దేశంలో మగవాళ్లకు వచ్చే కాన్సర్లలో నోటి కాన్సర్ ముందు వరసలో ఉంది. కారణం కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, చౌరస్తాలో పాన్ డబ్బా దగ్గర నిలబడితే చాలు. జర్దా, ఖైనీ, గుట్కా! శ్రీకాకుళం తీరాన కొందరు ఆడవాళ్లకు చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకొని అడ్డపొగ తాగే అలవాటుంది. వాళ్లకు ముప్పు అంగిట్లో. గుట్కా బుగ్గన పెట్టేవాళ్లకు బుగ్గలోనే. "పొగాకు లేదండీ, ఉత్త సుపారీయే" అంటారు కొందరు. ఉత్త వక్క కూడా కాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన సంస్థ 2004లో ప్రకటించింది. దావత్‌లలో పిల్లల చేతికి తీపి సుపారీ పొట్లాలివ్వడం నాకు బొత్తిగా నచ్చదు.

వక్క నమిలేవారికి నోరు క్రమంగా బిగుసుకుపోతుంది, కారం తగిలితే మంట పుడుతుంది. ఇంటికెళ్లి అద్దం ముందు నిలబడండి. మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టాలి. పట్టకపోయినా, తెల్ల మచ్చగాని ఎర్ర మచ్చగాని ఉన్నా, రెండు మూడు వారాలకు మానని పుండున్నా డాక్టరుకు చూపించండి. నొప్పి లేదు కదా అనకండి. మొదట్లో చాలామందికి నొప్పి ఉండదు.

ఇక ఆడవాళ్ల సంగతి. రొమ్ములో గడ్డ, చనుమొన నుంచి రక్తం, బహిష్టులు ఆగిన తర్వాత మళ్లీ రక్తం. ఇవి కనిపించినా ఇంట్లో చెప్పలేక నెలలు గడిపేస్తారు. లేడీ డాక్టరు కావాలని అడగండి, తప్పేం లేదు. 30 ఏళ్లు దాటినవారికి గర్భాశయ ముఖద్వారం పరీక్ష కొద్ది నిమిషాల పని. పలచని వెనిగరు లాంటి ద్రావణం రాస్తే, అనుమానమున్న చోట తెల్లబడుతుంది. ఆ కాన్సర్‌కు మూలమైన హెచ్.పి.వి. వైరస్‌కు టీకా కూడా ఉంది. 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు వేయించవచ్చు.

రెడ్ హిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ గారి పేరిట సర్కారు కాన్సర్ దవాఖానా ఉంది. ఆయనే 1960లో గుజరాత్ తొలి గవర్నరయ్యారు. జిల్లాల వాళ్లు బస్సులు మారి వస్తారక్కడికి. మనకు ఆటో దూరం. వెళ్లేటప్పుడు పాత కాగితాలన్నీ పట్టుకెళ్లండి. ముక్క తీసి పరీక్ష చేస్తామంటే లేచి వచ్చేయకండి. కత్తి తగిలితే కాన్సర్ పాకుతుందనేది ఉత్త అపోహ.