కరువుకు కారణం: అనంతపురం పీఠభూమి మీద నూట యాభై ఏళ్ల వాదన

అనంతపురం పీఠభూమి పడమటి కనుమల వాననీడలో ఉంది. నైరుతి గాలులు కనుమలెక్కేటప్పుడే తమ తేమలో ఎక్కువ భాగం అటువైపు కురిపించేస్తాయి. ఈశాన్య రుతుపవనం తూర్పు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి సత్తువ తగ్గిపోతుంది. ఉమ్మడి జిల్లాలో ఏటా సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో 340 దాకా జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే పడాలి.

దేశంలో జైసల్మేర్ తరువాత అతి తక్కువ వాన పడే జిల్లా అనంతపురమే అని ప్రభుత్వ నివేదికల్లో, ఎన్నికల సభల్లో, పత్రికల్లో దశాబ్దాలుగా చెబుతున్నారు. ఇది నిజం కాదు. బాడ్‌మేర్, బికనేర్, లేహ్ వంటి చోట్ల ఇంతకంటే చాలా తక్కువ కురుస్తుంది. లండన్ నగరానికి ఏడాదికి దక్కేది కూడా ఇంచుమించు 600 మిల్లీమీటర్లే. తేడా ఎక్కడంటే, అక్కడి వాన పన్నెండు నెలలకూ పంచుకుని పడుతుంది, చల్లని నేల దాన్ని పట్టి ఉంచుకుంటుంది. అనంతపురంలో ఏడాదికి ఆవిరయ్యే అవకాశమున్న నీరు కురిసే వానకు మూడు రెట్లకు పైగా ఉంటుంది. పైగా ఆ వాన ఎప్పుడొస్తుందో, మధ్యలో ఎన్ని వారాలు మొహం చాటేస్తుందో ముందుగా తెలియదు. తప్పుడు లెక్కతో మొదలైన వాదన తప్పుడు మందుకే దారి తీస్తుంది కాబట్టి ఈ చిన్న సవరణ అవసరమైంది.

కరువుకు కారణమేమిటన్న బహిరంగ చర్చ ఈ ప్రాంతంలో ధాత కరువుతో ఊపందుకుంది. ధాత నామ సంవత్సరమైన 1876లో రెండు రుతుపవనాలూ దెబ్బతీశాయి. 1878 దాకా సాగిన ఆ కరువులో దక్షిణ భారతమంతటా చనిపోయినవారు అరకోటికి పైమాటే అని అప్పటి లెక్కలే ఒప్పుకున్నాయి. బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతాలు ఎక్కువగా నలిగిపోయాయి. అనంతపురం అప్పటికి బళ్లారి జిల్లాలో భాగం, వేరే జిల్లా అయింది 1882లో.

అప్పుడే లండన్‌లో ఒక వివరణ బయల్దేరింది. సూర్యుడి మీద మచ్చలు పదకొండేళ్లకోసారి పెరిగి తగ్గుతుంటాయి. మద్రాసు వర్షపాతం కూడా అదే చక్రంలో తిరుగుతోందని ఖగోళ శాస్త్రజ్ఞుడు నార్మన్ లాకియర్, గణాంకాధికారి విలియం హంటర్ కలిసి 1877లో ఒక ప్రసిద్ధ పత్రికలో రాశారు. కరువు సూర్యుడి నుంచి వస్తే పాలకుడి బాధ్యత ఏముంటుంది? ఆ శాస్త్రజ్ఞుల ఉద్దేశం అది కాకపోవచ్చు. కానీ ఆ వాదన చేతికందినవారికి అది బాగా పనికొచ్చింది. తరువాతి దశాబ్దాల వర్షపాతం లెక్కల ముందు ఆ సంబంధం నిలవలేదు.

రెండో వివరణ అడవులది. చెట్లు నరికితే వానలు తగ్గుతాయన్న వాదాన్ని మద్రాసు సైన్యంలో వైద్యుడైన ఎడ్వర్డ్ బాల్ఫోర్ 1849లోనే విపులంగా రాసి పెట్టాడు. 1856లో మద్రాసు అటవీ శాఖ పుట్టడానికీ, 1882 అటవీ చట్టానికీ ఈ భయం కొంత ఊతమిచ్చింది. గుట్టల మీద చెట్టు పోతే మన్ను కొట్టుకుపోతుంది, చెరువు పూడుతుంది, ఊట ఎండుతుంది. అంతవరకు ఆ వాదన గట్టిదే. అయితే దాని పేరు మీద రిజర్వు హద్దులు గీశాక కట్టెపుల్లకూ మేకల మేతకూ కొండెక్కిన పేదవాడే నేరస్థుడయ్యాడు.

మూడో వివరణ రాబడిది. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి వదిలేశాక, 1807 దాకా దత్త మండలాల కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో అనంతపురం నుంచే పాలించాడు. తాను విధించిన శిస్తు రైతు మోయలేనంత ఎక్కువగా ఉందని తెలుసుకుని, వెళ్లిపోయే ముందు నాలుగో వంతు తగ్గించాలని ఆయనే సిఫార్సు చేశాడు. పై అధికారులు అప్పట్లో ఒప్పుకోలేదు. ఆయన గవర్నరయ్యాకగాని ఆ తగ్గింపు అమలు కాలేదు. మంచి ఏడు గింజ మిగలని ఇంట్లో చెడ్డ ఏడుకు నిల్వ ఎక్కడిది? దాదాభాయి నౌరోజీ, రమేశచంద్ర దత్తు తరువాతి కాలంలో దేశమంతటి గురించి అడిగింది ఈ ప్రశ్ననే. 1900లో వైస్రాయి కర్జన్‌కు రాసిన బహిరంగ లేఖల్లో దత్తు భూమిశిస్తునే ప్రధానంగా వేలెత్తి చూపాడు.

ధాత కరువు నాటి ఒక వాస్తవం ఈ వాదనకు బలమిస్తుంది. గుత్తి మీదుగా రాయచూరుకు 1871లోనే రైలు దారి పడింది. కరువు కాలంలో ధాన్యం ఆ దారిన వచ్చింది. కొనడానికి జనం చేతిలో డబ్బు లేదు. కరువు పనుల్లో మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే 450 గ్రాములు, పైన ఒక అణా చాలని ప్రభుత్వ కరువు ప్రతినిధి రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. ఆ కూలి మనిషిని బతికించదని మద్రాసు పారిశుధ్య కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఎదిరించి రాశాడు. వాన లేకపోవడం ఒకటి, తిండి దొరక్కపోవడం మరొకటి. ఈ రెంటి మధ్య దూరాన్ని 1981లో ఆర్థికవేత్త అమర్త్యసేన్ సిద్ధాంతంగా స్థాపించాడు. గుత్తి స్టేషనులో బస్తాలు దిగుతుండగా ఆకలితో చచ్చినవారికి ఆ సిద్ధాంతం వందేళ్ల ముందే అనుభవం.

రిచర్డ్ స్ట్రేచీ అధ్యక్షతన నడిచిన కరువు కమిషన్ 1880లో నివేదిక ఇచ్చింది. వానలు తప్పడం, జనమంతా సేద్యం మీదే ఆధారపడటం కారణాలని తేల్చింది. శిస్తు జోలికి గట్టిగా పోలేదు. అయినా దానివల్ల కరువు నియమావళి వచ్చింది. రుతుపవనాలను ముందుగా అంచనా వేసే ప్రయత్నానికి ఊపు దొరికింది. హిమాలయాల మంచుకూ వానకూ సంబంధం చూసిన హెన్రీ బ్లాన్‌ఫర్డ్, ఆ తరువాత పసిఫిక్ మహాసముద్రానికి ఇరుపక్కలా గాలి పీడనం ఊగిసలాడుతున్నట్టు కనిపెట్టిన గిల్బర్ట్ వాకర్ ఆ పని చేసినవారే. 1969లో జాకబ్ బ్యర్క్‌నెస్ ఆ ఊగిసలాటను సముద్రపు వేడితో, ఎల్‌నినోతో ముడిపెట్టాడు. 1877 నాటి ఎల్‌నినో నమోదైన వాటిలోకెల్లా బలమైన వాటిలో ఒకటని ఇప్పుడు తెలుసు. కారణం నిజంగానే ఆకాశం వైపే ఉంది, కాకపోతే సూర్యుడి మచ్చల్లో కాదు. గింజలు రైలు దిగినా నోటికి అందకపోవడానికి మాత్రం పసిఫిక్‌ను నిందించలేం.

స్వాతంత్ర్యం తరువాత చర్చ కాలువల మీదికి మళ్లింది. కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన 1937 శ్రీబాగ్ ఒడంబడికలో రాయలసీమకు నదీజలాల్లో ముందు హక్కు అన్న మాట ఉంది. తుంగభద్ర ఎగువ కాలువ, చాలా ఆలస్యంగా హంద్రీ-నీవా వచ్చాయి. ఇవి తడిపింది కొంత మేరకే. మిగతా నేలంతా వాన మీదే నిలబడింది, ఆ నేల మీద మరో మార్పు నిశ్శబ్దంగా జరిగిపోయింది.

కొర్ర, జొన్న, సజ్జ, ఆరిక, కంది, అలసంద కలిపి వేసే చేలల్లోకి శెనక్కాయ వచ్చింది. అప్పు ఇచ్చేవాడు, విత్తనం ఇచ్చేవాడు, నూనె మిల్లు అందరూ దానివైపే నిలిచారు. 2000ల మధ్య నాటికి ఉమ్మడి జిల్లాలో అది 8 లక్షల హెక్టార్లకు మించింది. ఒక్క జిల్లాలో ఒక్క పంట ఇంత విస్తీర్ణంలో ఉండటం దేశంలో అరుదు. వాన తప్పడం ఈ పంటకు ఎందుకంత ప్రాణాంతకమో చెట్టు దగ్గరికి వెళ్తే తెలుస్తుంది. పువ్వు పైన పూస్తుంది, కాయ లోపల కాస్తుంది. పువ్వు వాడాక దాని అడుగునుంచి సన్నని ఊడ దిగి నేలలోకి గుచ్చుకోవాలి. ఆ వారాల్లో ఎర్రనేల ఎండి పెచ్చు కట్టిందంటే ఊడ మొన పెచ్చుకు తగిలి ఆగిపోతుంది. ఆకు పచ్చగానే ఉంటుంది, దారినపోయేవాడికి పంట బాగున్నట్టే కనిపిస్తుంది, పీకి చూస్తే మాత్రం కాయ ఉండదు. తరువాత ఎంత వాన పడినా పోయినది తిరిగి రాదు. భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన సులోచనా గాడ్గిల్, శేషగిరిరావు బృందం అనంతపురం ప్రాంతపు పాత వర్షపాతం లెక్కలను రైతుల అనుభవంతో కలిపి పరిశీలించింది. ఏ అదునులో విత్తితే కాయ కట్టే దశకు తేమ దొరికే అవకాశం ఎక్కువో చూసింది. ఈ వాదన చరిత్ర మొత్తంలో రైతుకు నేరుగా అక్కరకొచ్చే ప్రశ్న వేసిన పని బహుశా ఇదే.

2000లో శెనక్కాయ మొక్కల మొవ్వులు ఎండి సుమారు 2 లక్షల 25 వేల హెక్టార్లలో పంట దెబ్బతింది. మొదట అందరూ వర్షాభావం అనో పాత తెగులు అనో అనుకున్నారు. ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పరీక్షించి అది పొగాకు స్ట్రీక్ వైరస్ అని, వయ్యారిభామ కలుపు మొక్క పుప్పొడి మీదుగా తామర పురుగుల ద్వారా వస్తోందని తేల్చారు. ప్రతి నష్టాన్నీ కరువు ఖాతాలో రాయడం ఎంత ప్రమాదమో ఆ ఏడు తెలిసింది.

బోర్లది మరో కథ. బావులు ఎండాక బోరు, బోరు ఎండాక దాని పక్కనే ఇంకా లోతైన బోరు. కొన్ని గ్రామాల్లో లోతు వెయ్యి అడుగులు దాటింది. వాన ఇచ్చిన దానికన్నా తోడింది ఎక్కువైన చోట, వాన మామూలుగా కురిసినా నీళ్లు ఉండవు. దాన్ని కరువు అనే అంటారు, కానీ దాని కారణం మేఘంలో లేదు.

ఎడారీకరణ అన్న మాట 1990లలో గట్టిగా వినబడింది. కరువు ప్రాంతాల పథకాలను పరిశీలించిన హనుమంతరావు కమిటీ 1994 నివేదిక తరువాత అనంతపురం ఎడారి అభివృద్ధి పథకంలో చేరింది. హగరి నది ఒడ్డున బొమ్మనహాళ్, కణేకల్ వైపు ఇసుక మేటలు పొలాల మీదికి రావడం దీనికి కళ్లెదుటి సాక్ష్యం. ఇక్కడ ఆఫ్రికా సాహెల్ అనుభవం గుర్తుంచుకోదగినది. 1970లలో అక్కడి కరువుకు పశువుల కాపరులే కారణమనీ, గడ్డి మేసేసిన నేల వానను దూరం చేస్తోందనీ బలమైన సిద్ధాంతం వచ్చింది. 2003 నాటి పరిశోధన అసలు ప్రధాన కారణం సముద్రాల వేడిలో మార్పు అని చూపింది. అప్పటికే మూడు దశాబ్దాలు నింద కాపరి మీద ఉంది. అనంతపురంలోనూ గొర్రెల మందను చూసి వేలు చూపించేవారికి ఈ చరిత్ర తెలియాలి.

ఇక భూతాపం. బొగ్గుపులుసు గాలి వేడిని పట్టి ఉంచుతుందని శాస్త్రజ్ఞుడు టిండాల్ 1859 నుంచి చేసిన ప్రయోగాల్లో చూపాడు. అది పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందో 1896లో అర్హేనియస్ లెక్కగట్టాడు. 1958లో కీలింగ్ కొలవడం మొదలుపెట్టినప్పుడు పది లక్షల పాళ్ల గాలిలో అది 315 పాళ్లు, ఇప్పుడు 420 దాటింది. కారణం మనిషేనన్న మాట విషయంలో వాతావరణ మార్పులపై అంతర్ ప్రభుత్వ సంఘం 1995లో జాగ్రత్తగా మాట్లాడింది, 2021లో సందేహానికి తావే లేదంది. సూర్యుడి మచ్చల వాదానికీ దీనికీ తేడా ఇదే. అది పరీక్షకు నిలవలేదు. ఇది నూటముప్పై ఏళ్ల పరీక్షకు నిలిచింది. ఎవరు ఎంత కారణం అన్నది మరో తగాదా. 1991లో అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ బతకడానికి వదిలే పొగనూ విలాసానికి వదిలే పొగనూ ఒకే గాటన కట్టవద్దని రాశారు. కొర్ర పండించే మెట్ట రైతు ఇందులో ఎటు నిలుస్తాడో చెప్పనక్కరలేదు.

మరి అనంతపురం కరువుకు భూతాపమే కారణమా? ఏడాది మొత్తం వాన స్పష్టంగా పడిపోతున్నట్టు ఇక్కడి పాత లెక్కలు చూపవు. మారుతున్నది కురిసే తీరు. మధ్య భారతంలో కుండపోతలు పెరిగి మోస్తరు వానలు తగ్గాయని గోస్వామి బృందం 2006లో చూపింది. అనంతపురం కూడా ఒక పక్క ఎండుతూనే 2021 నవంబరులో కదిరి వరదనూ, 2022 అక్టోబరులో పండమేరు పొంగునూ చూసింది. వేడెక్కిన గాలి ఎక్కువ తేమను మోస్తుంది, ఒక్కసారే గుమ్మరిస్తుంది. వేడి పెరిగేకొద్దీ నేలలో పదును కూడా తొందరగా ఆరుతుంది.

కాబట్టి తీర్పు ఇది. భూతాపం నిజం, మనిషి చేసినదే, ఈ పీఠభూమికి కొత్త దెబ్బ. కానీ పాత దెబ్బలన్నీ దాని చాటున దాక్కోకూడదు. ఒకే పంటను నమ్మించిన అప్పుల వ్యవస్థ, అదుపులేని బోర్లు, పూడిన చెరువులు, పదును పోయాక అందే విత్తనం, ఇవి ఇక్కడే నిర్ణయమయ్యాయి, ఇక్కడే మార్చగలం. మార్చినవారూ ఉన్నారు. 1969లో విసెంట్ ఫెర్రర్ వచ్చి మొదలుపెట్టిన సంస్థ నీటి గుంటలు, వాటర్‌షెడ్ పనులు చేయించింది. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ బీడు గుట్టల మీద చెట్లను తిరిగి నిలిపింది, చిరుధాన్యాలకు మళ్లీ చోటు చూపింది.

పంటల బీమాకూ, కరువు మండలాల ప్రకటనకూ వర్షపాతం అంకెలు ముఖ్యం. ఒకే మండలంలో ఒక ఊరు తడిసి పక్క ఊరు ఎండడం ఇక్కడ మామూలు. మండలానికొక కొలత చాలదు. ప్రతి పంచాయతీలో వానకొలత పాత్ర, బోర్ల నీటిమట్టం రాసిన పుస్తకం ఉండాలి. ఆ అంకెలను గ్రామసభలో చదివి వినిపించాలి. వచ్చే ఏరువాకకు ముందే ఈ పని మొదలుపెట్టమని అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల యంత్రాంగాలను అడగాల్సింది మనమే.