అతీంద్రియ పరిశోధన: దాతల సొమ్ము, శాస్త్ర నియమం
(స్నాతకోత్సవ ప్రసంగం)

అతీంద్రియ జ్ఞానం, పూర్వజన్మ స్మృతులు, కారణం అంతుపట్టని సంఘటనలు: వీటిని ప్రయోగాలతో, ఉదంతాల సేకరణతో పరిశీలించే రంగం పరామనోవిజ్ఞానం. ప్రభుత్వాలు దీనికి నిధులివ్వడం అరుదు. ఇది ముఖ్యంగా దాతల సొమ్ముతోనే నిలిచింది.

అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జె.బి. రైన్ 1930లలో దీనికి ఒక పద్ధతి ఏర్పరచారు. ఐదు గుర్తులు, ఒక్కో గుర్తుకు ఐదేసి చొప్పున 25 కార్డులు. కార్డు మీది గుర్తును చూడకుండా చెబితే కేవలం ఊహతోనే సగటున ఐదు సరిగ్గా వస్తాయి. నిలకడగా అంతకు మించితేనే ఆలోచించాల్సిన విషయం ఉన్నట్టు. అలా మించాయని రైన్ 1934లో ప్రకటించారు. కార్డు వెనుక నుంచి గుర్తు లీలగా కనిపించే వీలుందని విమర్శకులు పట్టుకున్నారు. తర్వాతి ప్రయోగాల్లో అడ్డుతెరలు వచ్చాయి, మనిషికీ కార్డుకూ మధ్య దూరం పెరిగింది.

1962లో రైన్ సొంత పరిశోధన సంస్థ స్థాపించారు. జిరాక్స్ యంత్రానికి మూలమైన ముద్రణ విధానాన్ని కనిపెట్టిన చెస్టర్ కార్ల్‌సన్ ఈ రంగానికి పెద్ద దాత. 1968లో ఆయన మరణించాక, వీలునామా ప్రకారం వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఇయాన్ స్టీవెన్‌సన్ పరిశోధనకు 10 లక్షల డాలర్లు అందాయి. పూర్వజన్మ గుర్తుందని చెప్పే పిల్లల ఉదంతాలను స్టీవెన్‌సన్ భారతదేశంలోనూ సేకరించారు.

తెలుగు నేలపై ఈ విద్యకు పేరు తెచ్చినవారు కోనేరు రామకృష్ణారావు. రైన్ వద్ద పనిచేసి వచ్చి, 1960ల చివర ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మనోవిజ్ఞాన, పరామనోవిజ్ఞాన శాఖను నెలకొల్పారు. తర్వాత రైన్ సంస్థకు సారథ్యం వహించారు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. 2011లో పద్మశ్రీ అందుకున్నారు. 1987లో పరిశోధకుడు జాన్ పామర్‌తో కలిసి ఆయన ఈ రంగాన్ని సమర్థిస్తూ ఒక ప్రసిద్ధ పత్రికలో వ్యాసం రాస్తే, అదే సంచికలో విమర్శకుడు జేమ్స్ ఆల్కాక్ ఖండన అచ్చయింది. వాదం, ప్రతివాదం పక్కపక్కనే పాఠకుల ముందుకు వచ్చాయి.

1974లో రైన్ సంస్థలోనే ఒక పరిశోధకుడు ఫలితాలు తారుమారు చేస్తుండగా సహోద్యోగులు పట్టుకున్నారు. రైన్ దాన్ని దాచలేదు, స్వయంగా ప్రకటించారు. సంస్థ పరువు కంటే నిజం పెద్దదని అక్కడ రుజువైంది. దాతల సొమ్ముతో సాగే పరిశోధనకూ ఇదే కొలమానం: దాత ఆశించిన ఫలితం రాకపోయినా ప్రకటించాలి, ప్రయోగ పథకాన్ని ముందే నమోదు చేయాలి, లెక్కలు ఇతరులకు చూపాలి. ఈ మూడూ పాటిస్తే సొమ్ము ఎవరిదైనా పరిశోధన శాస్త్రమే అవుతుంది.

ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా ఎవరు చేసినా ఒకే ఫలితమిచ్చే ప్రయోగం ఈ రంగానికి దొరకలేదు. అందుకే శాస్త్ర ప్రపంచంలో అత్యధికులు అతీంద్రియ శక్తిని అంగీకరించలేదు.

రుజువు లేనిదే నమ్మకూడదన్న ఈ పాఠం దౌల్తాబాద్, తాండూరు, వికారాబాద్ ప్రాంతాలకు దగ్గరది. జబ్బుకో, పశువు చావుకో బాణామతి (చేతబడి) కారణమని అనుమానించి సాటి మనిషిని కొట్టిన ఘటనలు తెలంగాణ పల్లెల్లో జరిగాయి. అక్కడ పరీక్ష లేదు, నింద మాత్రమే ఉంది. పట్టా పుచ్చుకుని ఊరికి వెళ్లే ప్రతి విద్యార్థీ రోగిని ముందు వైద్యుడి దగ్గరికి చేర్చాలి, రుజువు అడగాలి, నింద పడ్డ మనిషికి అండగా నిలవాలి.